సువార్త అత్త ముఖచిత్రం

అత్త పోయిన నెలకి కాబోలు, ఆవిడ మనవరాలు ప్రసన్న రాజోలు నుంచి మా ఇంటికి వచ్చింది. రాజమండ్రిలో జర్నలిజం చదువుతోంది ఆ పిల్ల. కాలేజీలో వాళ్ళకో పని ఇచ్చేరట. ఒక సంగీత పత్రిక ముఖచిత్రమూ, ఒక దినపత్రిక మొదటి పేజీ తీసుకుని, అవి మనతో ఏ భాషలో మాట్లాడుతున్నాయో విడదీసి రాయాలి. భాష అంటే తెలుగా ఇంగ్లీషా అని కాదు. అక్షరం ఎంత లావుంది, బొమ్మలో మనిషి ఎటు చూస్తోంది, ఏ మాట ముందు పడింది, ఏ మాట అసలు పడలేదు, అదంతా. "పేపరు ఎక్కడైనా దొరుకుతుంది పెద్దమ్మా, సంగీత పత్రిక ఈ రోజుల్లో ఎవరు వేస్తున్నారు? నాయనమ్మ బీరువాలో చీరల కింద ఇది కనపడింది" అంటూ ప్లాస్టిక్ కవరులోంచి పాత పుస్తకం ఒకటి తీసి నా ఒళ్ళో పెట్టింది. అంచులు అప్పడంలా పెళుసెక్కిపోయేయి. అట్ట మీద, నెత్తిన వరి పన పెట్టుకుని, చీర మోకాళ్ళ దాకా ఎగదోపుకుని, ఎటో దూరంగా చూస్తూ నవ్వుతున్న ఓ వయసు పిల్ల.

"ఇది నాయనమ్మే కదా? కూలికెళ్ళేదా అప్పట్లో?" అంది ప్రసన్న.

"లేదే. ఆ చీర మా అమ్మది, ఆ పన పక్కింటివాళ్ళది, ఆ చేను ఇంకెవరిదో. నవ్వొక్కటే మీ నాయనమ్మది" అన్నాను.

నేను ఉద్యోగమంతా ఒక దినపత్రికలో సబ్ ఎడిటర్‌గా చేసేను. సబ్ ఎడిటర్ అంటే ఇంకొకళ్ళ వాక్యాలకి సబ్బు పెట్టి ఉతికేవాళ్ళు. ఆ ఉతుకుడులో పడి నాకంటూ ఒక జత బట్టలు కుట్టుకోవడం రాకుండా పోయింది, అందుకే పదవీ విరమణ తరవాత ఇలా పాత గుడ్డలు అతుకుతున్నాను. డెస్కులో నన్ను ఎదురుగా మేడమ్ అనీ, వెనకాల కత్తెరమ్మ అనీ అనేవారు. ఎదురుగా అన్నదాని కన్నా వెనకాల అన్నదే నమ్మాలన్నది మా వృత్తిలో మొదటి పాఠం కనక, కత్తెరమ్మనే ఖాయం చేసుకున్నాను. అలాంటి నేను ఆ ముఖచిత్రం చూసి ప్రసన్నకి అరగంటలో అన్నీ విడదీసి చెప్పగలను. చెప్పలేకపోయేను. ఎందుకంటే ఆ పని ఒకసారి అయిపోయింది, మా ఇంట్లోనే, తాటాకు చాప మీద, నా ఎదుటే. నాకన్నా బాగా చేసినాయన చేసేరు. దాని ఫలితం ఈ పిల్లకి ఎలా చెప్పడం?

మాది రాజోలు పక్క పల్లె. నాన్నగారు మిషన్ స్కూల్లో హెడ్మాస్టారు. పేపరు అమలాపురం నుంచి మధ్యాహ్నం బస్సులో వచ్చేది. కండక్టరుగారు సెంటర్లో కట్ట విసిరేసేవారు, మా అన్నయ్య వెళ్ళి మా కాపీ తెచ్చేవాడు. తెచ్చినా విప్పడానికి లేదు. సాయంత్రం నాన్నగారు బడి నుంచి వచ్చి, నూతి దగ్గర స్నానం చేసి, పంచె కట్టి, భుజాన కండువా వేసుకుని, అందరం ప్రార్థన చేసుకున్న తరవాత, అన్నాలకి ముందు, లాంతరు పక్కన చాప మీద పేపరు విప్పాలి. అది మా ఇంటి రెండో ప్రార్థన. వంటింట్లోంచి కొబ్బరి డొక్కల పొగా, చింతచిగురేసిన ఎండురొయ్యల వాసనా వస్తుండేవి. పేపరుకి వేరే వాసన, కిరసనాయిలూ జిగురూ కలిసినట్టు. ఇప్పటికీ ఎండురొయ్యలు వేగుతుంటే నాకు ముందు ఆకలి వెయ్యదు, ఆ పూట హెడ్డింగు ఏమిటా అనిపిస్తుంది.

నాన్నగారు చదివి వినిపించేవారు కాదు. ముందు కండువా తీసి, రాతంతా కప్పేసి, బొమ్మ ఒక్కటే పైకి వదిలేవారు. "చూడండి. ఎవరు చేసేరు? ఎవరికి చేసేరు? తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు?" ఈ మూడే ప్రశ్నలు. మేం పిల్లలం, నాయనమ్మా, సువార్త అత్తా, అందరూ చెప్పాలి. తరవాత కండువా కొంచెం కిందికి జరిపి హెడ్డింగు చూపించేవారు. ఒకసారి గోదారి వరదకి లంకల్లో జనం గట్టెక్కినప్పుడు మొదటి పేజీలో పెద్ద ఫొటో వేసేరు, చేతులు చాపిన జనం. కింద "వరద బాధితులకు ఆపన్నహస్తం" అని. నాన్నగారు ఆ ఫొటో మీద వేలు పెట్టి "ఇందులో ఉన్నవన్నీ మన చేతులే. మరి ఆపన్నహస్తం ఎక్కడుంది?" అన్నారు. మేం వెతికేం. లేదు. "తీసినాయన పొట్లాలిచ్చే పడవలో నిలబడ్డాడు. అందుకని మనం అడుక్కునేవాళ్ళలా పడ్డాం. అదే మన వెనకాల గట్టు మీద నిలబడి తీస్తే, పడవలో వాళ్ళ మొహాలు పడేవి. ఎంత దూరం పెట్టి విసురుతున్నారో కూడా పడేది" అన్నారు. నాయనమ్మ మాత్రం "వాడు నీళ్ళల్లో దిగి తియ్యాలంటావేంట్రా, జలుబు చెయ్యదూ?" అంది.

ఇంకోసారి, ఊడ్పులకి మనుషుల్ని తీసుకెళ్తున్న ట్రాక్టరు కాలవలో పడిపోయింది. పేపర్లో ట్రాక్టరు ఆసామీ పేరుంది, ఆయన తండ్రి పేరుంది, ట్రాక్టరు కంపెనీ పేరు కూడా ఉంది. పోయినవాళ్ళు "మరో నలుగురు కూలీలు" అయ్యేరు. నాన్నగారు ఆ "మరో" మీద వేలు పెట్టి చాలాసేపు తియ్యలేదు. అందులో ఒకావిడ కొడుకు ఆయన దగ్గర నాలుగో తరగతి చదువుతున్నాడు. "వీళ్ళకి అమ్మలు పేర్లు పెట్టలేదనుకున్నాడా?" అన్నారు, ఎవరినీ చూడకుండా. ఆయనకీ పేర్ల పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాయనమ్మ తరవాత చెప్పింది. మా ముత్తాతని పాత కాగితాల్లో ఎక్కడా పేరుతో రాయలేదట. ఫలానా కామందుగారి పాలేరు అని రాసేవారట. ఆయన మిషన్ వాళ్ళ దగ్గర బాప్తిస్మం పుచ్చుకున్నాక, చర్చి రిజిస్టర్లో మొదటిసారి పేరు పడితే, చదవడం రాకపోయినా రోజూ వెళ్ళి ఆ పేజీ చూసొచ్చేవాడట.

మా అమ్మకి ఈ వ్యవహారం అంతగా నచ్చేది కాదు. "పప్పులో ఉప్పెక్కువైందనండి, అదొక వార్త. ఉప్పు ఎవరు వేసేరు, ఎవరికి వేసేరు, వేసినావిడ ఎక్కడ నిలబడిందీ అంటారు ఈయన" అని వంటింట్లోంచి అనేది. పాతబడ్డ పేపర్లు అమ్మ అలమార్లలో పరిచేది, ఇడ్లీపిండి పోసి పొట్టిక్కలు ఉడికించే పనసాకు బుట్టలు వాటి మీద ఆరబెట్టేది. నాన్నగారు నీళ్ళకని లోపలికి వెళ్ళి, గ్లాసుల కింద తలకిందులుగా ఉన్న కిందటేడాది హెడ్డింగు చదువుతూ అక్కడే నిలబడిపోయేవారు.

సువార్త అత్త నాన్నగారి ఆఖరి చెల్లెలు. మా ఇంటికి వార్తలు రోజూ బయటినుంచి వచ్చేవి, సువార్త మాత్రం ఇంట్లోనే ఉండేది. టీచరు ట్రైనింగు అయ్యి, నాన్నగారి బళ్ళోనే చిన్న తరగతులు చెప్పేది. నల్ల ఫ్రేము కళ్ళజోడు, ఎడం చేతికి మగవాళ్ళు పెట్టుకునేలాంటి పెద్ద గడియారం. మొదటి జీతంతో కొనుక్కుంది దాన్ని. కళ్ళజోడు తీస్తే నూతికీ నాయనమ్మకీ తేడా తెలిసేది కాదు. చర్చిలో హార్మోనియం వాయించేది, పాడేది. ఆ పాట గురించి నేనేం చెప్పినా డెస్కులో నేను కొట్టేసే వాక్యాల్లా ఉంటుంది. కనక ఒక్కటే చెప్తాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతూ పాడుకుంటుంటే, మా అమ్మ వండుతున్న కూర మాడిపోయేది. అమ్మ తిట్టేది కాదు.

నెలకోసారి అత్త అమలాపురం బస్టాండులో ఒక సంగీత మాసపత్రిక కొనుక్కొచ్చేది. మేం దాన్ని పాటల పుస్తకం అనేవాళ్ళం. అది మా ఇద్దరి పేపరు. రాత్రి అన్నాలయ్యేక నన్ను పక్కన కూచోబెట్టుకుని, అట్ట చూపించి, అచ్చం నాన్నగారి గొంతుతో "చూడండి చిట్టిగారూ, ఎవరు ఎటు చూస్తున్నారు?" అనేది. పాడే మగాళ్ళు మైకు ముందు నోరు తెరిచి, మన కళ్ళల్లోకి చూస్తూ ఉండేవారు. పాడే ఆడవాళ్ళు నోరు మూసుకుని, తల వంచి, పూలు సర్దుకుంటూ ఉండేవారు. మగాళ్ళ పేర్లు నిలువుగా, లావుగా. ఆడవాళ్ళ పేర్లు తీగల్లా మెలికలు తిరిగి. "చూసేవా చిట్టీ, మగాళ్ళు పాడుతుంటారు, ఆడవాళ్ళు ఫొటో దిగుతుంటారు" అనేది అత్త. అని, పేజీ తిప్పుతూ, "నేనైతే నోరు తెరిచే దిగుతాను, పళ్ళు బాగానే ఉన్నాయిగా" అనేది. నవ్వుతూనే అనేది కానీ, మద్రాసు వెళ్ళి రికార్డు మీద పాడాలన్నది ఆవిడకి ఎంత గట్టి కోరికో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఆ కోరికకి దారే ఎవరికీ తెలియదు.

దారి దానంతటదే వచ్చింది. ఆ పత్రికలో పనిచేసే ఒకాయన కొత్తపేటలో చుట్టాలింటికి వచ్చి, అక్కడి చర్చిలో జరిగిన పెళ్ళిలో అత్త పాట విన్నాడు. కొత్త గొంతుల మీద ప్రత్యేక సంచిక వేస్తున్నారట. ముఖచిత్రంగా అత్త ఫొటో వేస్తామన్నాడు. అది చూసి రికార్డు కంపెనీలవాళ్ళు పిలవకపోరని కూడా అన్నాడు. వారం తిరక్కుండా ఫొటోగ్రాఫరుతో మా ఇంటికి వచ్చేడు. నాన్నగారు ఆ రోజు జోనల్ మీటింగుకని అమలాపురం వెళ్ళేరు. అత్త పట్టుచీర కట్టుకుని, హార్మోనియం ముందు కూచుంది. ఫొటోగ్రాఫరు కాసేపు అటూ ఇటూ చూసి, "ఇది వద్దండీ, ఇలాంటివి మాకు చాలా ఉన్నాయి. పల్లెటూరు కనపడాలండీ" అన్నాడు. ముందు కళ్ళజోడు తీయించేరు. తరవాత గడియారం. అమ్మ నేతచీర కట్టించేరు. చేలో కోతలవుతున్నాయి. మాకు చేను లేదు. పక్కింటివాళ్ళనడిగి ఒక పన తెచ్చి అత్త నెత్తిన పెట్టించేరు. కోత కోస్తున్న ఆడవాళ్ళు పని ఆపి చూస్తున్నారు.

"టీచరమ్మగారు కోతకొచ్చేరేంటండీ?" అంది ఒకావిడ.

"ఆయ్, ఇవాళ బడికి సెలవండీ" అంది అత్త.

"మరైతే అలా నిలబడితే ఎలాగండీ, రెండు మళ్ళు కోసి మరీ వెళ్ళండి."

అందరూ నవ్వేరు, అత్తా నవ్వింది. అప్పుడే నొక్కేడు ఫొటోగ్రాఫరు. కళ్ళజోడు అమ్మ చేతిలో ఉంది, కెమెరా ఎక్కడుందో అత్తకి కనపడలేదు. ఆ సంచిక లోపలి పేజీలో "స్వప్నాలు నిండిన కళ్ళు" అని రాసేరు. నిజానికి ఆ కళ్ళల్లో నిండింది మైనస్ పవరు.

సంచిక వచ్చిన రోజు అత్త బడికి సెలవు పెట్టి అమలాపురం వెళ్ళి తెచ్చుకుంది. బస్సులో విప్పలేదట. ఇంటికొచ్చీ విప్పలేదు. పేపరు కాగితంలో చుట్టి ఉన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని, సాయంత్రం దాకా వసారాలో కూచుంది. ఎంత అడిగినా మాకు చూపించలేదు. "అన్నయ్య రానీ" అంది. ప్రార్థన అయ్యింది. ఆ పూట నాన్నగారు చాప మీద పేపరు పెట్టబోతుంటే, అత్త చెయ్యి అడ్డం పెట్టి, పాటల పుస్తకం అక్కడ పెట్టింది. "ఇవాళ్టికి ఇది, అన్నయ్యా" అంది. ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడుతుంది. మేమంతా మోకాళ్ళ మీద ముందుకి వంగేం.

ఇక్కడ జరిగింది ఇంకో ఇంట్లో జరిగేది కాదు. ఇంకో ఇంట్లో అయితే అన్నగారు చెల్లెలి బొమ్మ చూసి మురిసిపోయి, వీధిలోకి పట్టుకెళ్ళి అందరికీ చూపించేవారు. లేదా, వయసు పిల్ల బొమ్మ బజార్న పడిందని మొహం తిప్పుకునేవారు. మా నాన్నగారు అలవాటు కొద్దీ కండువా తీసి రాత కప్పేరు. బొమ్మ చూసేరు. మొదట నవ్వేరు కూడా, చెల్లెలు కదా. తరవాత నవ్వు ఎక్కడికో వెళ్ళిపోయింది. "సువార్తా, నీ కళ్ళజోడేది?" అన్నారు.

"తియ్యమన్నారు అన్నయ్యా."

"గడియారం?"

నాన్నగారు కండువా కిందికి జరిపేరు. లావుపాటి అక్షరాలతో ఉంది: "చేలగట్టున దొరికిన పాట". అంతే. అత్త పేరు లేదు. పేరు లోపలెక్కడో ఉంది. నాన్నగారి వేలు ఒక్కో మాట మీద ఆగుతూ వెళ్ళింది. "దొరికింది అంటే, వెతికినాయన ఒకడున్నాడు. గొప్ప ఆయనది. పాడినావిడ ఏం చేసింది ఇందులో? ఏమీ చెయ్యలేదు, గట్టు మీద పడి ఉంది. ట్రైనింగు అయినట్టు ఎక్కడుంది? హార్మోనియం ఎక్కడుంది? ఇన్నేళ్ళు నేర్చుకున్నది ఎక్కడుంది?" గొంతు పెంచలేదు ఆయన. బళ్ళో పాఠం చెప్పినట్టే చెప్పేరు. "పన మొయ్యడం తప్పు కాదు. మన తాతలు మోసేరు, దాన్ని నేను ఎక్కడా దాచను. కానీ అది నెత్తి మీంచి దించడానికి మనకి మూడు తరాలు పట్టింది. వీళ్ళొక్క పూటలో మళ్ళీ ఎక్కించేసేరు." తరవాత అలవాటు ప్రకారం మా వైపు తిరిగి, "చెప్పండి, తీసినాయన ఎక్కడ నిలబడ్డాడు?" అన్నారు.

అమ్మ వంటింటి గుమ్మంలోకి వచ్చి "అన్నం చల్లారిపోతోంది, లేవండి" అంది. ఎప్పుడూ అలా మధ్యలో రాదు అమ్మ. అత్త కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది. "ఆయ్, అన్నయ్యా. నిజమే" అంది. పుస్తకం తీసుకుని, మళ్ళీ ఆ కాగితంలోనే చుట్టి, లోపలికి వెళ్ళింది. దాన్ని ఆవిడ తనివితీరా చూసుకున్నట్టు మేమెవరమూ చూడలేదు.

పత్రికాయన చెప్పినట్టే మద్రాసు నుంచి పిలుపు వచ్చింది. రికార్డింగుకి రమ్మని. అత్త వెళ్ళలేదు. నాన్నగారు వద్దనలేదు. పైగా "నేను తోడు వస్తాను, వెళ్దాం" అన్నారు రెండుసార్లు. "గొంతు బాగోలేదు అన్నయ్యా" అంది. ఆ తరవాత చర్చిలో హార్మోనియం వాయించేది, గుంపులో గొంతు కలిపేది, ఒక్కత్తీ మాత్రం పాడలేదు. పాస్టరుగారు అడిగినా, పెళ్ళివారడిగినా అదే జవాబు, గొంతు బాగోలేదండీ. ఆ గొంతుతోనే రోజంతా బళ్ళో పిల్లలకి ఎక్కాలు చెప్పేది. బియ్యం ఏరేటప్పుడు కూడా ఇల్లు నిశ్శబ్దంగా ఉండేది. మా ఇంట్లో కూరలు మాడడం మానేసేయి. రాజోలులో ఒక మాస్టారితో పెళ్ళయ్యి వెళ్ళిపోయింది. ఎప్పుడు ఆగిందో సరిగ్గా చెప్పలేను కానీ, చాప మీద పేపరు విప్పడం కూడా మా ఇంట్లో ఆగిపోయింది. నాన్నగారు వాలుకుర్చీలో కూచుని ఒక్కరే చదువుకునేవారు, కండువా భుజాన్నే ఉండేది. ఆఖరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు, అత్త గంజి పట్టిస్తుంటే, "ఒక్కటి పాడవే సువార్తా" అన్నారు. అత్త ఆయన మూతి తుడిచి, "మరిచిపోయేను అన్నయ్యా" అంది. నాన్నగారు కళ్ళు మూసుకున్నారు.

చాలా ఏళ్ళకి, నేను ఉద్యోగం నుంచి దిగిపోయేక, రాజోలు వెళ్ళి అత్త దగ్గర కొన్నాళ్ళున్నాను. ఒక మధ్యాహ్నం వసారాలో ఇద్దరం మునగాకు దూస్తూ కూచున్నాం. ఆ ముఖచిత్రం మాట ఎత్తేను. నాన్నగారు ఆ రోజు తప్పుగా చదివేరా అని అడిగేను. వృత్తి బుద్ధి.

"ఒక్క ముక్క తప్పు లేదే చిట్టీ" అంది అత్త. "గడియారం తీయించినప్పుడే నాకు తెలుసు వాళ్ళేం చేస్తున్నారో. నీకు నేర్పినదాన్ని, నాకు తెలియదా? తెలిసే నవ్వేను. అటు వెళ్ళడానికి నాకున్న రేవు అదొక్కటే. ముందు పడవెక్కుదాం, అవతలికెళ్ళేక నా గడియారమేదండీ అని అడుగుదాం అనుకున్నాను. అడిగేదాన్ని కూడా."

"మరి వెళ్ళకపోయేవేం?"

మునగాకు ఈనె ఒకటి తీసి పక్కన పెట్టింది. "అన్నయ్య అలా చదివేక, ఇక ఆ బొమ్మలో నాకు నెత్తి మీద వరి పనే కనపడింది. పాట కనపడలేదు. పాడదామని నోరు తెరిస్తే, ఎవరు పాడుతున్నారు, ఎవరికి పాడుతున్నారు అని నన్ను నేనే అడిగేదాన్ని. అలా అడుగుతూ పాడలేం." దూసిన ఆకు చేటలోకి దులిపి, "ఆయన చెప్పింది మర్నాడు చెప్పినా నిజమే అయ్యేది కదే. ఆ పూటకి చూసుకోనిస్తే పోయేది" అంది. నిష్ఠూరంగా అనలేదు. ఇంకో రెండు రెమ్మలు దూసి, "ఆయన ప్రేమ అలాంటిది. మనల్ని ఎవరూ చిన్నబుచ్చకూడదని" అంది.

ప్రసన్నకి నేను ఇదంతా చెప్పలేదు. ఆ పిల్లే నా పక్కన కూచుని, తన కాయితాల్లో చకచకా రాసుకుంది. ముఖచిత్రంలో స్త్రీ చూపు, పేరు లేకపోవడం, కర్త లేని వాక్యం, శ్రమని అలంకారంగా వాడుకోవడం. నాన్నగారు చాప మీద చెప్పినవే అన్నీ, ఇంగ్లీషు పేర్లు తగిలించుకుని, వరసగా. మార్కులు బాగానే వస్తాయి. మధ్యమధ్యలో ఫోను మోగుతుంటే చూసుకుంటోంది. అందులో పాటల వీడియోల మీద వేసే బొమ్మలు నాకూ చూపించింది. పాడే అమ్మాయి మొహం చుట్టూ ఎర్ర గీత, పక్కన బాణం, "ఈమె ఎవరో తెలిస్తే షాక్" అని. అడిగేది వాళ్ళే, చెప్పేది వాళ్ళే, షాక్ మాత్రం మనకి. ఆ ఫోను కూడా ఎవరిది వాళ్ళదే. ఒకే బొమ్మ మీదకి ఇంటిల్లిపాదీ వంగి చూడడం ఇప్పుడు లేదు. తప్పు చదివినా, ఒప్పు చదివినా, మేం కలిసి చదివేం. అది మంచిదైందో చెడ్డదైందో ఇన్నాళ్ళూ వాక్యాలు దిద్దిన నాకు తెలియడం లేదు. ఇంటిల్లిపాదీ వంగి చూడడం వల్లే కదా, అత్తకి ఆ పూట తల దాచుకునే చోటు లేకపోయింది.

అత్త ప్రభువునందు నిద్రించిన రోజు సాయంత్రం రాజోలు విలేకరిగారు నాకు ఫోన్ చేసేరు. నేను అప్పటికే అత్త ఇంట్లో ఉన్నాను. వాకిట్లో షామియానా వేస్తున్నారు.

"మేడమ్‌గారాండీ? నమస్కారమండీ. మీ మేనత్తగారి వార్త పంపుతున్నానండీ. మీరు మా ఫీల్డులో పెద్దవారు, ఓ మాట అడుగుదామని. విశ్రాంత ఉపాధ్యాయిని అని రాసేనండీ. వాళ్ళబ్బాయిగారేమో గాయని అని కూడా వెయ్యమంటున్నారు. ఏం వెయ్యమంటారండీ?"

"గాయని అని వెయ్యండి."

"ఆయ్. రేడియోలో పాడేరాండీ?"

"లేదండీ."

"పోనీ కేసెట్లూ అవీ?"

"లేవండీ."

"మరి ఎక్కడ పాడేరని రాయమంటారండీ?"

ఒక వార్తకి ఆధారం లేకపోతే కొట్టెయ్యమని ఎంతమందికి చెప్పేనో. "మా ఇంట్లో పాడేదండీ. తరవాత మానేసింది" అన్నాను. "ఆయ్, చూసి రాస్తానండీ" అని పెట్టేసేరు.

మర్నాడు పొద్దున్న, బరియల్‌కి ముందు, అత్త కొడుకు ప్రసాదు జిల్లా పేజీ మడిచి పట్టుకుని నా దగ్గరికి వచ్చేడు. రాత్రంతా ఏడ్చి కళ్ళు వాచిపోయేయి. మూలన చిన్న వార్త. ప్రముఖ గాయని, విశ్రాంత ఉపాధ్యాయిని సువార్త కన్నుమూత. ఆమె మృతి సంగీత లోకానికి తీరని లోటు అని పలువురు సంతాపం తెలిపారు. నా వేలు దానంతటదే కదిలింది. ప్రముఖ అంటే ఎవరికి ప్రముఖ? ఏ సంగీత లోకం? ఆవిడొకత్తి ఉందని తెలియని లోకానికి, పోయిందని ఎలా తెలుస్తుంది? పలువురంటే ఎవరు, నేనూ ప్రసాదూనా? అలా జరుగుతూ జరుగుతూ వేలు "తీరని లోటు" దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆ రెండు మాటలూ నేను డెస్కులో ప్రతి మరణవార్తలోనూ కొట్టేసేదాన్ని. ఎవరు పోయినా మర్నాటికి ఆ కుర్చీలో ఇంకొకరు కూచునేవారు, లోటు శుభ్రంగా తీరిపోయేది. కానీ పాడినవాళ్ళు పోతే, పాడినవి ఎక్కడో ఒకచోట మిగులుతాయి, వెతుక్కుని వినొచ్చు. పాడనివాటిని ఎక్కడ వెతుకుతాం?

"ఎలా రాసేడు వదినా? తప్పులేవైనా ఉన్నాయా?" అన్నాడు ప్రసాదు.

"లేవు ప్రసాదూ. సరిగ్గానే రాసేడు" అని పేపరు అతని చేతికిచ్చేసేను. "పైకి చదువు. అందరూ వింటారు."